కాటా అమ్మేవాడి చేతిలోనే

నల్లా ఒకటి, టెఫ్లాన్ టేపు ఒకటి. మొత్తం కలిపి నాలుగొందలు దాటని బేరం. బిల్లు అడగడమే నేను చేసిన పొరపాటు.

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీది ఆ హార్డ్‌వేర్ దుకాణంలో సేటు కళ్లద్దాలు సర్దుకుని కంప్యూటర్ ముందుకు వంగాడు. తెర నడిమధ్య ఎర్ర అంచుతో ఒక పెట్టె వచ్చి కూర్చుంది. గడువు ముగిసింది, రెన్యూ చేసుకోండి అని దాని సారాంశం. కింద రెండు బటన్లు. పచ్చగా, వెడల్పుగా ఉన్నది ‘ఇప్పుడే కట్టండి’. పక్కన బూడిద రంగులో, సిరా వెలిసిపోయినట్టు ఉన్నది ‘రేపు గుర్తుచేయండి’. వద్దు అనే మాటకు అక్కడ చోటే లేదు. పెట్టె వెనకాల దుకాణం లెక్కంతా మసకమసకగా కనిపిస్తూనే ఉంది. ఏ మేస్త్రీ ఎంత బాకీ, ఏ ప్లంబర్ ఎన్ని పైపులు పట్టుకుపోయాడు, ఎవరు దసరాకు ఇస్తామన్నారు. కంటికి ఆనుతుంది, చేతికి అందదు.

“లైఫ్‌టైమ్ అన్నడు సార్. లైఫ్‌టైమ్ అని జెప్పి పద్దెనిమిది వేలు తీస్కపోయిండు. మూడేండ్లు గూడ కాలే. ఎవని లైఫ్ అయిపోయిందో మరి.”

నా ముందే ఫోన్ కలిపాడు, స్పీకర్ పెట్టాడు. అవతల ఒక కుర్రాడు. గొంతులో మర్యాదకు లోటు లేదు.

“సార్, లైఫ్‌టైమ్ అంటే ఆ వర్షన్ లైఫ్‌టైమ్ సార్. ఆ వర్షన్‌కు సపోర్ట్ అయిపోయింది.”

“మరి నా బాకీల లిస్టు?”

“మీ డేటా ఎక్కడికీ పోదు సార్, ఫుల్ సేఫ్. రెన్యూ చేయంగనే కనిపిస్తది.”

ఇంటి తాళంచెవి తన జేబులో వేసుకుని, మీ ఇల్లు భద్రంగా ఉంది, దిగులు పడకండి అని చెప్పడం ఇది. సేటు ఫోన్ పెట్టేసి గల్లాపెట్టె కింది సొరుగు లాగాడు. మడతలు పడ్డ పాంప్లెట్ బయటికొచ్చింది. ‘లైఫ్‌టైమ్’ అన్న మాట బొటనవేలంత లావు. దాని నెత్తిన చిన్న నక్షత్రం. ఆ నక్షత్రం భావం అట్టడుగున, ఆవగింజంత అక్షరాల్లో ఉంది: షరతులు వర్తిస్తాయి. ఆ షరతులేమిటో ఆ కాగితంలో ఎక్కడా లేదు.

నాకు బిల్లు రాలేదు. క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చాడు.

రాయి ఎక్కడుంది?

పాత అంగడిలో మోసం లేదని కాదు. కాటా కొట్టడం, తూకం తక్కువ రాయి, పళ్లెం కింద చింతపండు ముద్ద, ఇవన్నీ మన తాతలు చూసినవే. అయితే ఆ రాయి కంటికి కనిపించేది. అనుమానమొస్తే పక్క దుకాణంలో మళ్లీ తూచుకోవచ్చు. తూనికలు కొలతల శాఖ వాళ్లు ముద్ర వేసేవారు, ఇప్పటికీ వేస్తారు. మేడ్చల్ హైవే పొడవునా లారీలు ఎక్కి దిగే వే బ్రిడ్జిలున్నాయి. వాటిని ధర్మకాంటా అంటారు. అమ్మేవాడిదీ కొనేవాడిదీ కాని కాటా కాబట్టే దానికి ఆ పేరు.

సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో ధర్మకాంటా లేదు. సరుకు అమ్మేవాడిదే, కాటా వాడిదే, ముల్లు ఎక్కడ ఆగాలో రాసేదీ వాడే. ఆ సరుకు పనిచేస్తోందా లేదా అని చెప్పేది కూడా ఆ సరుకే. అందుకే ఈ రంగంలో మోసపు ప్రచారం పత్రికల్లోనో హోర్డింగుల మీదో ఆగిపోలేదు. నడిచి నడిచి బటన్‌లోకి వచ్చి కూర్చుంది. నేను ఈ కథనంలో చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ఇనుప కాటాలోకే సాఫ్ట్‌వేర్ దూరితే ఏమవుతుందో 2020 సెప్టెంబరులో చూశాం. పెట్రోలు బంకుల యంత్రాల్లో చిప్‌లు పెట్టి కొలత తగ్గిస్తున్న ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. మీటరు మీద 1000 మిల్లీలీటర్లు పడేది, బండిలోకి 970 మిల్లీలీటర్లే వచ్చేవి. మీటరు అంకెలు తిరగడం మన కళ్లతో మనమే చూస్తాం. చూసి నమ్ముతాం. అదే కిటుకు.

ఈ తెర మీది కిటుకులకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడు. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాలున్నాయి. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, వద్దంటే సిగ్గుపడేలా మాట్లాడటం, చేరడం సులువుచేసి బయటపడే దారి మూసేయడం, ఒక ధర చూపి చివరికి ఇంకో ధర వసూలు చేయడం, ఇలాంటివి. అన్నిటికంటే నన్ను ఆపినవి రెండు. ఒకటి ‘సాస్ బిల్లింగ్’, అంటే సాఫ్ట్‌వేర్‌ను నెలసరి చందా మీద అమ్ముతూ చడీచప్పుడు లేకుండా డబ్బు లాగడం. ఉచిత గడువు అయిపోయి చందా మొదలైందన్న మాట కస్టమర్‌కు చెప్పకపోవడం దీనికిందికే వస్తుంది. రెండోది ‘రోగ్ మాల్‌వేర్’, లేని వైరస్‌ను చూపించి భయపెట్టి దానికి మందు అమ్మడం. మిగతా 11 ఏ ఆన్‌లైన్ దుకాణానికైనా అంటుకునేవే. ఈ రెండూ మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్ల సొంత ఆస్తి.

రూపాయికే వారం

మేడ్చల్ నుంచి సిటీ వైపు వస్తూ కొంపల్లి దాటకముందే లోపలికి తిరిగితే మైసమ్మగూడ. ఇంజనీరింగ్ కాలేజీలు, వాటి చుట్టూ హాస్టళ్లు, హాస్టళ్ల కింద టిఫిన్ బండ్లు. సాయంత్రం ఆరింటికి అక్కడ టీకొట్టు దగ్గర నిలబడితే ఫోన్‌లో యాప్ లేని చేయి కనిపించదు. ఒక రెండో సంవత్సరం కుర్రాణ్ని అడిగి అతని ఫోన్‌లోనే చూశాను. రెజ్యూమె తయారుచేసే యాప్. ‘రూపాయికే 7 రోజులు.’ రూపాయి కట్టడానికి యూపీఐ పిన్ కొట్టించింది. కొట్టే ముందు వచ్చిన తెరలో రూపాయి పెద్దగా ఉంది. దానికింద, స్క్రోల్ చేస్తే తప్ప కనిపించని చోట, ‘తర్వాత నెలకు 399, ఆటోపే’ అని ఉంది. కుర్రాడు ఇచ్చింది రూపాయి అనుకున్నాడు. నిజానికి ఇచ్చింది ప్రతినెలా తన ఖాతాలో చేయి పెట్టుకునే అనుమతి.

“యాప్ డిలీట్ చేసిన అన్నా, అయినా కట్ అయితున్నయి.”

యాప్ తీసేస్తే చందా ఆగదు. అద్దె ఇంటి బోర్డు పీకేసినంత మాత్రాన అద్దె ఆగుతుందా? ఆ అనుమతి ఉండేది యాప్‌లో కాదు, మీ యూపీఐలో. అక్కడ ఆటోపే లేదా మాండేట్లు అనే చోటుకు వెళ్లి రద్దు చేయాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా సందేశం రావాలి. వస్తుంది కూడా. లోన్ల, క్రికెట్ యాప్‌ల, బట్టల డిస్కౌంట్ల సందేశాల మధ్యన, ఎవరూ చదవని చోట. ఆ రోజు టీకొట్టు దగ్గర ఆ కుర్రాడి ఫోన్‌లో మాండేట్లు తెరిస్తే నాలుగు బతికున్నాయి. అందులో రెండు దేనివో అతనికే గుర్తు లేదు.

చేరడానికి ఒక్క నొక్కు, బయటికి రావడానికి చక్రవ్యూహం. ఇది చిల్లర యాప్‌ల పని మాత్రమే అనుకోకండి. అమెజాన్ తన ప్రైమ్ చందా రద్దు చేసుకునే దారికి లోలోపల పెట్టుకున్న పేరు ‘ఇలియడ్’ అని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావాలో రాసింది. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ రాసిన మహాకావ్యం పేరది. కస్టమర్‌కు ఎంత యుద్ధం మిగిల్చారో పేరు పెట్టినవాడికి తెలుసన్నమాట. 2025 సెప్టెంబరులో ఆ కేసు 250 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది.

నాలుగు గళ్లు

లేని వైరస్ సంగతికి వస్తే, దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక అమెరికా కేసు కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. ఆఫీస్ డిపో అక్కడ పెద్ద స్టేషనరీ, కంప్యూటర్ దుకాణాల గొలుసు. కంప్యూటర్ తెస్తే ఉచితంగా పరీక్ష చేస్తామనేవారు. ఆ పరీక్ష చేసే సాఫ్ట్‌వేర్ ‘సపోర్ట్ డాట్ కామ్’ అనే కంపెనీది. పరీక్ష మొదలయ్యే ముందు దుకాణం మనిషి నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. కంప్యూటర్ నెమ్మదించిందా? వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా? తరచూ ఆగిపోతోందా? అడగని ప్రకటనలు తెర మీదికి దూకుతున్నాయా? అవునన్నదానికి గడిలో టిక్కు పెడతాడు. తర్వాత స్కానింగ్. గీత నిండుతుంది, ఫైళ్ల పేర్లు పరుగెడతాయి, చివరికి వైరస్ లక్షణాలు కనిపించాయని ఫలితం.

అసలు విషయం ఏమిటంటే, ఆ స్కానింగ్‌కూ ఆ ఫలితానికీ సంబంధమే లేదు. నాలుగు గళ్లలో ఏ ఒక్కదానికి టిక్కు పడినా లక్షణాలు ఉన్నాయనే వచ్చేలా రాసిపెట్టారు. 2016లో సియాటిల్ టీవీ చానల్ ఒకటి పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త కంప్యూటర్లు పట్టుకెళ్లి ఈ గుట్టు విప్పింది. 2019 మార్చిలో ఆఫీస్ డిపో 2.5 కోట్ల డాలర్లు, సపోర్ట్ డాట్ కామ్ కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. చిలక జోస్యంలో కూడా చిలక నిజంగానే ఒక కార్డు తీస్తుంది. ఇక్కడ చిలక బొమ్మ మాత్రమే ఉంది.

మీ ఫోన్ స్టోరేజీ 92 శాతం చెత్తతో నిండింది, బ్యాటరీ ప్రమాదంలో ఉంది అంటూ వచ్చే ఎర్ర పట్టీలన్నీ ఈ జాతివే.

కోర్సు అమ్మకం

మన ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ అంటే వస్తువు కంటే ముందు ఉద్యోగం. కాబట్టి ఇక్కడ ఎక్కువగా అమ్ముడయ్యే అబద్ధం కూడా ఉద్యోగమే. కాలేజీ గోడల మీద, కరెంటు స్తంభాల మీద, సిటీ బస్సు సీటు వెనకాల అతికించిన కాగితాలన్నీ ఒకటే పాట పాడతాయి: నూరు శాతం ప్లేస్‌మెంట్, జాబ్ వచ్చాకే ఫీజు, బ్యాక్‌డోర్ ఓపెనింగ్స్. బ్యాక్‌డోర్ అనే మాటను సిగ్గులేకుండా ప్రకటనలో వాడే వ్యాపారం ఇదొక్కటే అనుకుంటా. దొడ్డిదారి అని బోర్డు పెట్టుకున్నా జనం వరసలో నిలబడుతున్నారంటే, సింహద్వారం మీద ఎంత నమ్మకం పోయిందో అర్థమవుతుంది. లక్షో రెండు లక్షలో కడతారు. ఆఫర్ లెటర్ వస్తుంది, ఐడీ కార్డు వస్తుంది, రెండు నెలల జీతం కూడా రావచ్చు, అది వాళ్లు కట్టిన డబ్బులోంచే. మూడో నెల ఆఫీసుకు తాళం.

ఈ వరసలో పెద్దది ఈబిజ్ కేసు. నోయిడా కంపెనీ. కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీ ఒకటి 16,821 రూపాయలు. పేరుకు ఆన్‌లైన్ చదువు. అసలు పని, చేరినవాడు ఇంకో ఇద్దర్ని చేర్పించడం, వాళ్లు మళ్లీ తలా ఇద్దర్ని. గొలుసు కట్టు వ్యాపారానికి కోర్సు అనే తొడుగు. చేరినవాళ్లలో చాలామంది కాలేజీ పిల్లలు, ఆశపెట్టి చేర్పించింది కూడా వాళ్ల సీనియర్లు, బావలు, మేనమామలే. 2019 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఆ కంపెనీ ఎండీని అరెస్టు చేశారు. మోసం విలువ 5 వేల కోట్ల రూపాయల దాకా ఉంటుందని అప్పుడు పోలీసులు చెప్పారు. ఆ కోర్సులో ఏముందని ఎవరూ పెద్దగా అడగలేదు. సరుకు ఎవరికీ అక్కర్లేనప్పుడు దాని నాణ్యత ఎవరు చూస్తారు?

పిల్లల్ని కూడా వదల్లేదు. వైట్‌హ్యాట్ జూనియర్ ప్రకటనల్లో ‘వోల్ఫ్ గుప్తా’ అని ఒక బాలుడుండేవాడు. కోడింగ్ నేర్చుకుని గూగుల్‌లో కోట్ల జీతం కొట్టేశాడట. ఒక ప్రకటనలో ఒక వయసు, ఇంకోదాంట్లో ఇంకో వయసు. జీతం కూడా ప్రకటన ప్రకటనకూ పెరిగేది. తీరా చూస్తే ఆ బాలుడు ఊహాపాత్ర. 2020 అక్టోబరులో ప్రకటనల ప్రమాణాల మండలి ఫిర్యాదులు విచారించి కొన్ని ప్రకటనలు తీసేయమంది. అప్పటికి రెండు నెలల ముందే ఆ కంపెనీని బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. లేని పిల్లవాణ్ని చూపించి ఉన్న పిల్లవాణ్ని నువ్వెందుకు పనికొస్తావని అడిగించారు. ఆ రోజుల్లో ఆరో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఎంత కంగారుపడ్డారో నాకు మా అపార్ట్‌మెంట్ లిఫ్టులోనే తెలిసేది.

బహదూర్‌పల్లిలో ఒక అక్షరం

ఈ కథ ఇంత దూరం వచ్చాక బహదూర్‌పల్లి వెళ్లకుండా తిరిగిపోలేం. మేడ్చల్ జిల్లాలోనే ఉంది. ఇప్పుడు అక్కడ మహీంద్రా విశ్వవిద్యాలయం. ఒకప్పుడు అది సత్యం కంప్యూటర్స్ క్యాంపస్. ఆ తరం తెలుగువాళ్లకు ఆ ప్రహరీ లోపల ఉద్యోగమంటే పెళ్లిచూపుల్లో రెండో ప్రశ్న ఉండేది కాదు.

2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేవు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల ఆదాయం 2,700 కోట్లని చెప్పారు, వచ్చింది 2,112 కోట్లు. లాభం 649 కోట్లని చూపారు, నిజంగా మిగిలింది 61 కోట్లు. పులి మీద స్వారీ చేస్తున్నట్టయింది, తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదు అన్న అర్థంలో ఆ ఉత్తరంలో ఒక మాట ఉంది. ఊరంతా ఆ పులిని పట్టుకుంది. నాకు మాత్రం పులికంటే, తర్వాతి దర్యాప్తులో బయటపడ్డ ఒక చిన్న అక్షరం ఎక్కువ భయం పుట్టించింది.

సత్యంలో ఇన్‌వాయిస్‌లు తయారుచేయడానికి సొంత సాఫ్ట్‌వేర్ ఉండేది. దాంట్లో ‘సూపర్ యూజర్’ అని ఒక ప్రత్యేక ప్రవేశం. ఆ దారిన వెళ్లి తయారుచేసిన దొంగ ఇన్‌వాయిస్‌కు ‘హెచ్’ అని గుర్తు పెడితే అది దాక్కుంటుంది. ‘ఎస్’ అని పెడితే కనిపిస్తుంది. పని చేసిన విభాగాల వాళ్లకు, బిల్లు వెళ్లాల్సిన క్లయింటుకు ఆ ఇన్‌వాయిస్ సంగతే తెలియదు. ఆదాయం లెక్కలో మాత్రం అది చేరిపోతుంది. ఇలాంటివి 7,561 అని సీబీఐ లెక్క తేల్చింది. అప్పుడు కంపెనీలో 53 వేల మంది దాకా ఉద్యోగులు. నిజమైన కోడ్ రాసి, నిజమైన రాత్రుళ్లు మేలుకున్నవాళ్లు. వాళ్ల కష్టం పక్కనే ఒక అక్షరం ఇంకో కంపెనీని కట్టింది.

ఇది వాటాదారులను మోసం చేసిన కేసు కదా, ప్రచారంతో పనేమిటి అనవచ్చు. ఉంది. ఆ అంకెలే సత్యం ప్రకటన. వాటిని చూపించే క్లయింట్లను తెచ్చుకున్నారు, కుర్రాళ్లను చేర్చుకున్నారు, వాటాలు అమ్మారు. 2008లో మంచి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా తీసుకున్నారు, ఇచ్చినవాళ్లు తర్వాత దాన్ని వెనక్కి లాక్కున్నారనుకోండి. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. నెల తిరిగాక అప్పీలులో శిక్ష నిలిపివేసి బెయిలిచ్చారు.

మేడ్చల్ సేటు తెర మీద ఎర్ర పెట్టె వెనక మసకబారిన బాకీల లిస్టు గుర్తుందా? ఎక్కడో ఎవరో దానికీ ఒక ‘హెచ్’ కొట్టారు. డబ్బు కడితే ‘ఎస్’.

ఫోన్‌బుక్కు తాకట్టు

లోన్ యాప్‌ల సంగతి పాఠకులకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. 2020 డిసెంబరులో తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగాక గానీ ఆ యాప్‌ల అసలు వ్యాపారం అర్థం కాలేదు. ‘ఐదు నిమిషాల్లో అప్పు, పత్రాలు అక్కర్లేదు’ అన్న ప్రకటన నిజమే. పత్రాల బదులు వాళ్లు తాకట్టు పెట్టుకున్నది మన కాంటాక్టులను, ఫొటోలను. ‘అనుమతించు’ అని నొక్కిన ఒక్క నొక్కే తాకట్టు పత్రం. ఐదువేలు అడిగినవాడికి మూడువేల చిల్లర చేతికొచ్చేది, మిగతాది ముందే కోత. వారం తిరక్కముందే మేనత్తకు, మేనేజరుకు, చిన్నప్పటి స్నేహితుడికి బూతు సందేశాలు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది: అప్పు యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫొటోలు ముట్టుకోకూడదు, మొత్తం ఖర్చు ముందే ఒక కాగితంలో చూపాలి. నియమాలకు భయపడే యాప్‌లు పాటిస్తున్నాయి. భయపడనివి పేరు మార్చుకుని తిరుగుతున్నాయి.

ఇక ప్రకటనల్లో ఇప్పుడు కొత్త లేబుల్ ఏఐ. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఏఐ, అటెండెన్సు మిషన్‌కు ఏఐ, మొన్న ఒక గేటెడ్ కమ్యూనిటీ నీళ్ల మీటరుకు కూడా. 2019లోనే వాల్‌స్ట్రీట్ జర్నల్ ఒక కంపెనీ గురించి రాసింది. యాప్‌లు ఏఐ కడుతోందని దాని ప్రచారం, కడుతున్నది ఎక్కువగా మన దేశపు ఇంజనీర్లని కథనం. 2024 మార్చిలో డెల్ఫియా, గ్లోబల్ ప్రెడిక్షన్స్ అనే రెండు పెట్టుబడి సలహా సంస్థలు లేని ఏఐ ఉందని చెప్పుకున్నందుకు అమెరికా సెక్యూరిటీస్ కమిషన్‌కు మొత్తం 4 లక్షల డాలర్లు కట్టాయి. అక్కడ కట్టారు. మన నీళ్ల మీటరును ఎవరు అడుగుతారు?

మేడ్చల్ వైపు సాఫ్ట్‌వేర్ అన్న మాటే సరుకు. 2022 ఫిబ్రవరిలో కండ్లకోయ దగ్గర గేట్‌వే ఐటీ పార్కుకు అప్పటి మంత్రి కేటీఆర్ శంకుస్థాపన చేశారు. ఆ రాయి పడ్డ దగ్గర్నుంచి చుట్టుపక్కల వెంచర్ల బ్రోచర్లలో ఐటీ పార్కుకు పది నిమిషాలు అన్న లైను లేనిది అరుదు. ఏ బండి మీద, ఏ ట్రాఫిక్‌లో పది నిమిషాలో మాత్రం రాయరు.

షామీర్‌పేట ఎగ్జిట్

మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే తర్వాతి ఎగ్జిట్టే షామీర్‌పేట. అక్కడి రాజీవ్ రహదారి పక్కన ఒక వింత పొందిక ఉంది. తూంకుంట ఇవతల లోపలికి పోతే బిట్స్ క్యాంపస్, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తయారయ్యే చోటు. ఇంకాస్త పైకి నల్సార్, న్యాయం చదివేవాళ్ల చోటు. అంతాయిపల్లిలో జిల్లా కలెక్టరేట్. బటన్ గీసేవాడు, ఆ బటన్ తప్పని వాదించేవాడు, ఫిర్యాదు తీసుకోవాల్సిన సర్కారు, అందరూ ఒకే రోడ్డు మీద టీ తాగుతారు.

చట్టం అనుకున్నంత బీదది కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మీరు ఉండే చోటో, పనిచేసే చోటో ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ తన షరతుల్లో బెంగళూరు కోర్టే దిక్కని రాసుకున్నా సరే. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. డబ్బు ఖాతాలోంచి దొంగతనంగా పోతే మాత్రం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930, అదీ ఆలస్యం చేయకుండా.

కానీ మేడ్చల్ సేటు లాంటి వాడి దగ్గరికి వచ్చేసరికి చట్టం కాస్త తడబడుతుంది. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాడైతే వినియోగదారుడే. ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకున్న హార్డ్‌వేర్ దుకాణం ఏ గట్టున ఉంటుందో అవతలి వకీలు వాదనను బట్టి ఉంటుంది. పోనీ ఆ షరతులే అన్యాయమని పోరాడదామా? అన్యాయమైన ఒప్పందాల మీద ఫిర్యాదు జిల్లాలో తీసుకోరు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. పద్దెనిమిది వేల కోసం షట్టరు దించి సిటీకి ఎవడు తిరుగుతాడు? ఈ లెక్క అమ్మినవాడికి మనకంటే బాగా తెలుసు.

ఇక ఆ 13 రకాల డార్క్ ప్యాటర్న్స్ మీ యాప్‌లో ఉన్నాయేమో మీరే తనిఖీ చేసుకోండి అని 2025 జూన్‌లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ కంపెనీలకు చెప్పింది. మూడు నెలలు గడువిచ్చింది. దొంగ చేతికి తాళాలిచ్చారని నేను అనను గానీ, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఏ సేటుకూ ముద్ర చేతికిచ్చి నువ్వే వేసుకో అని పోలేదు. గడువు ముగిస్తే డేటా తాళంలో పెట్టకూడదు, అందరూ చదవగలిగే ఫైలుగా ఇచ్చి తీరాలి అన్న ఒక్క నియమం గట్టిగా పడితే, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ల లైఫ్‌టైమ్ ప్యాకేజీలు సగం కూలిపోతాయి. నా అభిప్రాయం ఇది, కంపెనీలకు నచ్చకపోవచ్చు.

మళ్లీ దుకాణం దగ్గర

పది రోజుల తర్వాత వాషర్ కోసం మళ్లీ పోయాను. (నల్లా మార్చినా కారడం ఆగలేదు. అది ప్లంబర్ చేసిన మోసం, వేరే కథ.) ఎర్ర పెట్టె పోయింది. తెర కళకళలాడుతోంది.

“కట్టిన సార్. ఏం జేస్త? మూడు లక్షల బాకీలు అండ్లనే ఉండె.”

లోపల బస్తాల మీద కూర్చుని పనికుర్రాడు తెర వైపు చూస్తూ, పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకంలో పేర్లు ఎక్కిస్తున్నాడు. మేస్త్రీల పేర్లు, బాకీలు, ఫోన్ నంబర్లు. ఇప్పటికి సగమయ్యాయట. రోజుకు రెండు పేజీలు.

ఈసారి బిల్లు వచ్చింది. చిన్న ప్రింటరు గీక్కుంటూ కక్కింది. వాషర్ ధర, జీఎస్టీ, మొత్తం, ధన్యవాదాలు. ధన్యవాదాల కింద గీత. గీత కింద ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు, ఫోన్ నంబరు, ‘మీ దుకాణానికి కూడా లైఫ్‌టైమ్ బిల్లింగ్, నేడే సంప్రదించండి’. సేటు కాగితం ఖర్చుతో, సేటు కస్టమర్ల జేబుల్లోకి పోయే ప్రకటన. తీసేయమంటే దానికి వేరే ప్యాకేజీ ఉందట.

సేటు బిల్లును గాజు కౌంటర్ మీద పరిచాడు. గీత మీద స్టీలు స్కేలు ఆనించి కింది అంగుళం కాగితం చింపాడు. ముక్కను కాళ్ల దగ్గర డబ్బాలో వేశాడు. అప్పటికే ఆ డబ్బా మూడొంతులు నిండి ఉంది.